పాత కీబోర్డును కాటా మీద పెట్టే ముందు ఒక్క కీ పీకి చూడండి

బందరులో మాకు బాగా తెలిసిన ఒక డీటీపీ సెంటర్ ఈమధ్య మూతపడింది. యజమానికి వయసు మీద పడింది. పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. షాపు ఖాళీ చేసేటప్పుడు పాత మానిటర్లు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, ఆరు కీబోర్డులు అన్నీ కలిపి పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేసేశారు. ఆ సాయంత్రం అటుగా వెళ్తూ, కొట్టు ముందు కుప్పగా పడి ఉన్న ఆ కీబోర్డులను చూసి ఆగాను.

"ఏంటి చాచా, ఇవి ఎంతకు తీసుకున్నారు?" అని అడిగాను.

"ఎంతేంటి బేటా, ప్లాస్టిక్ రేటే కదా. కాటా మీద పెట్టాం, లెక్క కట్టి ఇచ్చేశాం" అన్నారాయన.

వంగి ఒక్కో కీబోర్డు మీద వేలు పెట్టి నొక్కి చూశాను. నాలుగు మెత్తగా రబ్బరులా దిగాయి. రెండు మాత్రం 'టక్' అన్నాయి. చాచా నవ్వి, "అవి చప్పుడెక్కువ చేస్తాయి, ఎవరూ తీసుకోరు" అన్నారు. నిజానికి ఆ చప్పుడు కోసమే ప్రపంచంలో కొంతమంది వేలకు వేలు పోస్తున్నారు. ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన తప్పు కాదు. అమ్మిన డీటీపీ యజమానికే ఆ సంగతి తెలియదు.

పాత మెకానికల్ కీబోర్డులు సేకరించడం ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న ఒక సరదా. సెకండ్‌హ్యాండ్ వేలాల్లో వాటి ధరలు కూడా పెరిగాయి. అయితే పాతది ప్రతిదీ బంగారం కాదు. ఏది విలువైనదో, ఎందుకు విలువైనదో తెలియకపోతే రెండు రకాలుగా నష్టపోతాం. విలువైనదాన్ని తూకానికి వేస్తాం, లేదంటే విలువలేని దాన్ని వేలు పోసి కొంటాం. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

అసలు మెకానికల్ అంటే ఏమిటి?

ఇప్పుడు మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే కీబోర్డుల్లో కీల కింద ఒక రబ్బరు షీటు ఉంటుంది. దాని మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. కీ నొక్కితే బుడిపె కిందికి అణుగుతుంది, దాని అడుగున ఉన్న రెండు పలుచని ప్లాస్టిక్ పొరలు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు అక్షరం పడుతుంది. తయారీ ఖర్చు చాలా తక్కువ. అందుకే మూడు నాలుగు వందల రూపాయలకే కీబోర్డు దొరుకుతుంది. కానీ కొన్నేళ్లు వాడాక రబ్బరు గట్టిపడుతుంది, లేదా చచ్చుబడిపోతుంది. ఒక కీ పోయిందంటే ఇక మొత్తం కీబోర్డు పోయినట్టే.

మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ప్రతి కీకీ కింద దానికంటూ ఒక స్విచ్ ఉంటుంది. అందులో ఒక స్ప్రింగు, ఒక లోహపు పత్తి, కిందికీ పైకీ జరిగే ఒక చిన్న ముక్క ఉంటాయి. ఒక కీ పాడైతే ఆ ఒక్క స్విచ్‌ను టంకం కరిగించి తీసేసి, వేరేది పెట్టుకోవచ్చు. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడెవరైనా చేయగలిగిన పనే. కీ సగం దూరం దిగేసరికే అక్షరం పడిపోతుంది, అడుగు దాకా బలంగా కొట్టాల్సిన పని లేదు. రోజుకు ఎనిమిది గంటలు టైపు చేసేవాళ్లకు ఈ తేడా వేళ్లకే తెలుస్తుంది.

ఈ స్విచ్‌లలో ఎక్కువ పేరున్నది చెర్రీ ఎంఎక్స్. చెర్రీ కంపెనీ 1953లో అమెరికాలో మొదలై, తర్వాత జర్మనీకి మారింది. ఎంఎక్స్ స్విచ్‌లు 1980ల మొదట్లో వచ్చాయి. రంగును బట్టి వాటి గుణం చెప్పొచ్చు. నల్లది, ఎర్రది చప్పుడు లేకుండా నేరుగా దిగుతాయి. గోధుమరంగుది మధ్యలో చిన్నగా తడుతుంది. నీలంది మధ్యలో తట్టి, పైగా 'టక్' మని శబ్దం కూడా చేస్తుంది. కొట్టులో నా వేలి కింద పలికింది ఆ నీలం స్విచ్చే.

ఐబీఎం కీబోర్డులకు అంత పేరు ఎందుకు?

సేకరించేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు ఐబీఎం మోడల్ ఎం. ఇది 1985లో వచ్చింది. అంతకు ముందు 1981లో, ఐబీఎం మొదటి పర్సనల్ కంప్యూటర్‌తో పాటు వచ్చినది మోడల్ ఎఫ్. ఈ రెండింటిలోనూ ఒక చిత్రమైన ఏర్పాటు ఉంటుంది. కీ నొక్కినప్పుడు లోపలి స్ప్రింగు కొంత దూరం వరకు అణుగుతుంది. ఒక హద్దు దాటాక నిలబడలేక పక్కకు వంగిపోతుంది. ఆ వంగడంతో కింద ఉన్న చిన్న సుత్తి లాంటి ముక్క కదిలి అక్షరం పడుతుంది. శబ్దం, వేలికి తగిలే దెబ్బ, అక్షరం పడడం మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. పాత టైప్‌రైటర్ మీద చేయి తిరిగినవాళ్లకు ఇది వెంటనే నచ్చుతుంది.

మోడల్ ఎం దాదాపు రెండు కిలోల బరువు ఉంటుంది. లోపల ఉక్కు రేకు ఉండటమే కారణం. కీల మీది అక్షరాలు పైన ముద్రించినవి కావు, రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకేలా వేసినవి. అందుకే ముప్పై ఏళ్లు వాడినా అక్షరాలు చెరిగిపోవు. కీల ప్లాస్టిక్ కూడా పసుపు పట్టని రకం. అప్పట్లో ఒక కంప్యూటర్ ధర చాలా ఎక్కువ కాబట్టి, దానితో ఇచ్చే కీబోర్డు మీద కూడా కంపెనీలు ధారాళంగా ఖర్చు పెట్టేవి.

1990లు వచ్చేసరికి పరిస్థితి మారింది. కంప్యూటర్ల ధరలు పడిపోయాయి. కంపెనీల మధ్య పోటీ పెరిగింది. ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పడింది కీబోర్డు మీదే. ఐబీఎం 1991లో కీబోర్డుల తయారీని లెక్స్‌మార్క్ అనే కంపెనీగా విడదీసింది. 1996లో లెక్స్‌మార్క్ కూడా ఆ పని వదులుకుంది. అప్పుడు యూనికాంప్ అనే చిన్న కంపెనీ ఆ యంత్రాలను కొని, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఇప్పటికీ ఆ తరహా కీబోర్డులు చేస్తోంది. మిగతా ప్రపంచమంతా రబ్బరు వైపు వెళ్లిపోయింది. పాతవాటి విలువకు మూలం ఇక్కడే ఉంది. వయసు అయ్యాయని కాదు, అలా చేయడం దాదాపు ఆగిపోయిందని.

ఐబీఎం ఒక్కటే కాదు. జపాన్‌కు చెందిన ఆల్ప్స్ కంపెనీ స్విచ్‌లతో 1987లో ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు వచ్చింది. దానికీ సేకరించేవాళ్లలో మంచి గిరాకీ ఉంది. అమెరికాలోని ఎంఐటీలో పరిశోధకులు వాడిన స్పేస్ క్యాడెట్ అనే కీబోర్డు మరీ అరుదు. అది వేలానికి వస్తే వేల డాలర్లు పలుకుతుంది.

మన దగ్గర ఐబీఎం ఎందుకు దొరకదు?

"మా ఆఫీసు స్టోర్‌రూమ్‌లో పాత కంప్యూటర్లు చాలా ఉన్నాయి, అందులో ఐబీఎం ఉంటుందేమో" అని చాలామంది ఆశపడతారు. ఉండే అవకాశం తక్కువ. దానికి కారణం మన దేశ చరిత్రలోనే ఉంది.

1970లలో విదేశీ కంపెనీలు ఇక్కడ వ్యాపారం చేయాలంటే తమ వాటా తగ్గించుకోవాలని కేంద్ర ప్రభుత్వం పట్టుబట్టింది. ఐబీఎం ఒప్పుకోలేదు. 1977లో వెళ్లిపోతున్నట్టు ప్రకటించి, 1978 నాటికి దేశం వదిలింది. మళ్లీ 1992లో టాటాలతో కలిసి వచ్చింది. అంటే మోడల్ ఎఫ్, మోడల్ ఎం ప్రపంచమంతా లక్షల్లో అమ్ముడైన రోజుల్లో ఐబీఎం అసలు మన దేశంలోనే లేదు. ఆ కాలంలో ఇక్కడ నడిచినవి హెచ్‌సీఎల్, విప్రో, డీసీఎం లాంటి మన కంపెనీల కంప్యూటర్లు, హైదరాబాద్ ఈసీఐఎల్ యంత్రాలు. అందుకే మన దేశంలో మోడల్ ఎం ఉన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని విదేశాల నుంచి తెప్పించుకున్నవాళ్లే.

మరి మన దగ్గర ఏముంది? మనకున్నది టీవీఎస్ గోల్డ్. చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ అమ్మిన ఈ కీబోర్డు బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, కోర్టుల దగ్గర టైపు చేసేవాళ్ల బల్లల మీద, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి ఉంది. చాలా గోల్డ్ కీబోర్డుల్లో ఉన్నవి చెర్రీ నీలం స్విచ్‌లే. విదేశాల్లో గేమింగ్ కుర్రాళ్లు ఆ స్విచ్‌ల కోసం ఎక్కువ ధర పెట్టి కొంటున్న రోజుల్లో, మన గుమాస్తాలు అదేదో గొప్ప సంగతి అని తెలియకుండానే వాటి మీద జీతాల బిల్లులు కొట్టారు. 2010 జూలైలో కేంద్రం రూపాయి గుర్తును ఆమోదించాక, ఆ గుర్తును కీ మీద ముద్రించి 'గోల్డ్ భారత్' పేరుతో వచ్చింది కూడా ఈ కీబోర్డే.

టైపు మిషన్ నుంచి అను ఫాంట్ల దాకా

దీన్ని అర్థం చేసుకోవాలంటే మన ఊళ్ల టైపు ఇన్‌స్టిట్యూట్లను గుర్తు చేసుకోవాలి. బందరు, గుడివాడ, అవనిగడ్డ లాంటి ఊళ్లలో పదో తరగతి అయిపోయిన పిల్లలను సెలవుల్లో టైపుకు పంపడం ఒకప్పుడు ఆనవాయితీ. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి పెట్టే పరీక్షలో ఇంగ్లిషు లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు కొట్టాలి. హయ్యర్ ప్యాసైతే గుమాస్తా ఉద్యోగానికి ఒక అర్హత వచ్చినట్టే. ఆ ఇన్‌స్టిట్యూట్లలో రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్లు ఉండేవి. గోద్రెజ్ 1955లో మన దేశంలో టైప్‌రైటర్ల తయారీ మొదలుపెట్టింది, 2009లో ఆపేసింది.

కంప్యూటర్ వచ్చాక ఆ వేళ్లే డీటీపీ వైపు వచ్చాయి. తెలుగు పెళ్లి కార్డులు, కరపత్రాలు, దస్తావేజులు అన్నీ అను ఫాంట్లలోనే. అనులో ఆపిల్, మాడ్యులర్ అంటూ రకరకాల కీబోర్డు లేఅవుట్లు ఉంటాయి. ఇక్కడ ఆపిల్ అంటే కంపెనీ కీబోర్డు కాదు, ఏ కీకి ఏ అక్షరం అనే అమరిక పేరు మాత్రమే. తెలుగులో ఒక గుణింతానికో, ఒత్తుకో షిఫ్ట్‌తో కలిపి రెండు మూడు కీలు నొక్కాల్సి వస్తుంది. ఇంగ్లిషు టైపు చేసేవాళ్ల కంటే తెలుగు ఆపరేటర్ల వేళ్లకు పని ఎక్కువ. ఉర్దూ నిఖా రుఖాలు, పోస్టర్లు చేసేవాళ్లకు 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఉంది. అక్కడా అంతే. ఒకే సెంటర్లో పొద్దున తెలుగు శుభలేఖ, సాయంత్రం ఉర్దూ రుఖా తయారవుతుంటే, రెండింటికీ అదే టీవీఎస్ గోల్డ్ పనిచేసింది. కీల మీది ఇంగ్లిషు అక్షరాలు అరిగిపోయినా ఫరవాలేదు, వాటిని చూసి కొట్టేదెవరు?

ఇలా వాడిన కీబోర్డులే ఇప్పుడు ఒక్కొక్కటిగా కాటా మీదికి వస్తున్నాయి.

ధరలు ఎందుకు పెరిగాయి?

ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో మోడల్ ఎం కొద్ది డాలర్లకే దొరికేది. చాలా ఆఫీసులు వాటిని చెత్తలో పారేశాయి. ఇప్పుడు శుభ్రంగా ఉండి పనిచేసే మామూలు మోడల్ ఎం వంద డాలర్లకు అటూ ఇటూగా పలుకుతుంది. మోడల్ ఎఫ్ అంతకంటే ఎక్కువ. 1970ల నాటి ఐబీఎం టెర్మినళ్ల కీబోర్డులు, వాటిని బీమ్ స్ప్రింగ్ అంటారు, వందల డాలర్ల నుంచి వెయ్యి దాటి కూడా పోతాయి.

దీనికి కారణాలు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది, సరుకు తగ్గిపోవడం. కొత్తగా తయారు కావు. ఉన్నవి ఏటా కొన్ని పాడైపోతాయి, కొన్ని తూకానికి పోతాయి.

రెండోది, కొనేవాళ్లు పెరగడం. కంప్యూటర్ గేములు ఆడే కుర్రాళ్లు, రోజంతా కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మంచి కీబోర్డు రుచి మరిగారు. కొత్తవాటితో మొదలుపెట్టి, అసలు మూలం ఏమిటా అని వెతుక్కుంటూ పాతవాటి దగ్గరికి వచ్చారు. 2020లో లాక్‌డౌన్‌తో అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక ఈ సరదా ఇంకా పెరిగింది.

మూడోది, విడిభాగాల గిరాకీ. కొంతమంది మొత్తం కీబోర్డు కోసం కొనరు. లోపలి పాత స్విచ్‌లు తీసి, శుభ్రం చేసి, కొత్త డబ్బాలో పెట్టుకోవడానికి కొంటారు. మరికొందరికి పైనున్న కీక్యాప్‌లు చాలు. దీనివల్ల పని చేయని కీబోర్డుకు కూడా కొంత ధర ఉంటుంది. అదే సమయంలో ఒక పాత కీబోర్డు శాశ్వతంగా పోతుంది కాబట్టి, సేకరించేవాళ్లలో కొందరికి ఈ పద్ధతి నచ్చదు.

నాలుగోది, సమాచారం. ఒకప్పుడు అమ్మేవాడికీ కొనేవాడికీ అది ఏమిటో తెలిసేది కాదు. ఇప్పుడు వెనక లేబుల్ మీది నంబరు ఫోన్‌లో కొట్టి వెతికితే నిమిషంలో తెలుస్తుంది. తెలిసిన ప్రతి ఒక్కరూ ధర పెంచి చెబుతున్నారు.

వేలంలో పలికిందంటే అదే ధర అనుకోవద్దు

గిలకలదిండి హార్బర్‌లో చేపల వేలం చూసినవాళ్లకు ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. ఒక పెద్ద చేప ఒడ్డుకు వచ్చినప్పుడు ఇద్దరు వ్యాపారులు పట్టుదలకు పోతే ధర ఎక్కడికో పోతుంది. ఆ ఇద్దరిలో ఒకరు రాని రోజు అదే చేప సగానికి పోతుంది. చేప మారలేదు, పోటీ మారింది.

ఆన్‌లైన్ వేలం కూడా అంతే. ఈబేలో మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ముందే చెప్పి పెడితే, సైట్ మీ తరఫున కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. చివరికి గెలిచినవాడు కట్టేది తన గరిష్ఠం కాదు, రెండో స్థానంలో ఉన్నవాడి ధర కంటే ఒక మెట్టు ఎక్కువ. అంటే ధరను తేల్చేది ఒక్కరు కాదు, పోటీపడే ఇద్దరు. ఒక కీబోర్డు ఒకసారి భారీగా పలికిందంటే, ఆ రోజు ఇద్దరు గట్టివాళ్లు తగిలారని మాత్రమే అర్థం. మీ దగ్గరున్న దానికీ అంతే వస్తుందని కాదు.

ఇంకో పొరపాటు ఎక్కువమంది చేస్తారు. సైట్లో కనిపించే ధర చూసి, "ఇది యాభై వేలట!" అనుకుంటారు. అది అమ్మేవాడు అడుగుతున్న ధర. అడగడానికి డబ్బులు కట్టక్కర్లేదు కదా. నెలల తరబడి అమ్ముడుపోకుండా అలాగే పడి ఉన్నవి ఎన్నో. చూడాల్సింది నిజంగా అమ్ముడైన వాటి జాబితా. ఈబేలో 'సోల్డ్' అని ఎంచుకుంటే అవి వేరుగా కనిపిస్తాయి. ఒకటి కాదు, ఐదారు చూసి మధ్యస్థంగా ఉన్న ధర పట్టుకోవాలి.

మన దేశంలో ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. ఆ తర్వాత ఇక్కడ వ్యక్తుల మధ్య వేలం పాటలు నడిచే పెద్ద సైటు లేకుండా పోయింది. అమ్మకాలు ఎక్కువగా ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, తెలిసినవాళ్ల గ్రూపుల ద్వారా, బేరమాడుకుని జరుగుతున్నాయి. విదేశం నుంచి తెప్పించుకుంటే ధరతో పాటు పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుస్తాయి. రెండు కిలోల వస్తువుకు పార్సిల్ ఖర్చు కొన్నిసార్లు వస్తువు ధరను దాటిపోతుంది. అందుకే విదేశాల్లో ఉన్న బంధువులు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టి తీసుకురమ్మని అడిగేవాళ్లు ఉన్నారు.

మీ దగ్గర ఉన్నది ఏమిటో ఇలా చూడండి

ఇంట్లోనో షాపులోనో పాత కీబోర్డు ఉంటే ఐదు నిమిషాలు కేటాయించండి.

ఒక కీ అంచుల కింద రెండు వైపులా దారమో, సన్నటి తీగో పెట్టి నిదానంగా పైకి లాగండి. స్పేస్‌బార్ జోలికి మాత్రం మొదటే వెళ్లొద్దు, దాని కింద తీగ విరిగే ప్రమాదం ఉంది. కీ ఊడాక కింద ప్లస్ గుర్తు ఆకారంలో రంగు ముక్క ఉండి, పక్కన చెర్రీ పేరు కనిపిస్తే అది చెర్రీ స్విచ్. ప్లస్ ఆకారం ఉన్నా పేరు లేకపోతే నకలు కావచ్చు. చెర్రీ పేటెంటు గడువు 2014 ప్రాంతంలో తీరిపోయాక అదే నమూనాతో చాలా కంపెనీలు స్విచ్‌లు చేస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ సేకరణ ధర రాదు. పొడవాటి దీర్ఘచతురస్రం రంధ్రం కనిపిస్తే ఆల్ప్స్ రకం కావచ్చు. గొట్టంలో నిలబడిన స్ప్రింగు కనిపిస్తే ఐబీఎం తరహా. కింద మెత్తటి రబ్బరు బుడిపె కనిపిస్తే, మామూలుగా అది సేకరణ సరుకు కాదు.

తర్వాత తిరగేసి లేబుల్ చూడండి. మోడల్ ఎం అయితే వెనక లేబుల్ మీద తయారీ తేదీ, భాగం నంబరు ఉంటాయి. ఎక్కువగా కనిపించే నంబరు 1391401. లేబుల్ చింపకండి. ధరలో దానికీ వాటా ఉంది.

మూడోది వైరు చివర. లావుగా గుండ్రంగా ఐదు సూదులుంటే 1980ల రకం. చిన్నగా గుండ్రంగా ఉంటే పీఎస్ 2, అది 1987లో వచ్చింది. చదరంగా ఉంటే యూఎస్‌బీ. ఐదు సూదుల వాటిలో కూడా రెండు రకాల భాషలు ఉన్నాయి. ఒకదానికి పనిచేసే కన్వర్టర్ ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. పీఎస్ 2 కీబోర్డును కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పెట్టడం, తీయడం చేయకూడదు. మదర్‌బోర్డు దెబ్బతినవచ్చు.

ఇక టీవీఎస్ గోల్డ్ సంగతి. ఉన్నమాట చెప్పాలంటే దాని మీద అదృష్టం కలిసిరాదు. కొత్తదే ఇప్పటికీ రెండు మూడు వేలకు దొరుకుతుంది కాబట్టి పాతది అంతకు మించి ఎలా పలుకుతుంది? కానీ పనిచేసే స్థితిలో ఉంటే కొన్ని వందలు ఖాయం, చెర్రీ స్విచ్‌లు శుభ్రంగా ఉంటే ఇంకొంచెం వస్తుంది. కిలో లెక్కన వచ్చే పాతిక ముప్పై రూపాయలతో పోలిస్తే అది చిన్న మొత్తం కాదు. పది కీబోర్డులున్న సెంటరుకైతే ఒక నెల అద్దె వచ్చినట్టే.

మన గాలికి తుప్పు ఎక్కువ

సముద్రం పక్కన ఉన్నాం. బందరులో, దివిసీమలో ఇనుప తలుపులు ఎంత త్వరగా తుప్పు పడతాయో అందరికీ తెలుసు. స్విచ్ లోపల ఉండేది వెంట్రుక లాంటి స్ప్రింగు, పలుచని లోహపు పత్తి. ఏళ్ల తరబడి తేమలో పడి ఉంటే కొన్ని కీలు ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు వేస్తాయి, కొన్ని అసలు వేయవు. వాడకంలో ఉన్నదాని కంటే మూల పడేసినదే ఎక్కువ పాడవుతుంది.

దాచుకోవాలంటే గుడ్డలో చుట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు మూడు వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. శుభ్రం చేయాలంటే ముందు కీలన్నీ ఏ క్రమంలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. కీక్యాప్‌లను మాత్రమే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, పూర్తిగా ఆరాక పెట్టండి. మరిగే నీళ్లు వద్దు, వంకర పోతాయి. కీబోర్డు మీద నీళ్లు పోయకండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, అంటుకున్న కీలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి పదిసార్లు నొక్కితే చాలాసార్లు దారికొస్తాయి. పైడబ్బా పసుపు పట్టిందని పెయింటు మాత్రం వేయకండి. పెయింటు వేస్తే ఉన్న ధర కూడా పోతుంది.

బాగుకానిదాన్ని పారేయాల్సి వస్తే రాగి కోసం వైరు కాల్చే చోటికి వెళ్లనివ్వకండి. ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి.

కొనేవాళ్లకు ఒక మాట

బందరు వాళ్లకు ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. చిలకలపూడి కవరింగ్ నగలు చూసి పెరిగినవాళ్లం. మెరుపు చూసి బంగారం అనుకోకూడదని మనకు చిన్నప్పుడే తెలుసు. కవరింగ్ నగను కవరింగ్ అని చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు. బంగారమని చెప్పి అమ్మితేనే మోసం.

కీబోర్డుల్లోనూ 'వింటేజ్' అనే మాట తగిలించి, పదేళ్ల నాటి రబ్బరు కీబోర్డును వేలకు అమ్మాలని చూసేవాళ్లున్నారు. డబ్బు పంపే ముందు ఒక కీ తీసిన ఫోటో, వెనక లేబుల్ ఫోటో, అన్ని కీలూ పనిచేస్తున్న వీడియో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ధర పెరుగుతుంది కదా అని పెట్టుబడిగా మాత్రం కొనకండి. ఇది భూమి కాదు, బంగారం కాదు. సరదా తగ్గితే ధర కూడా తగ్గుతుంది. టైపు చేయడం ఇష్టమై, రోజూ వాడుకుంటామంటే కొనండి. అప్పుడు ధర పడినా మీకు నష్టం ఉండదు.

చాచా కొట్టులో 'టక్' మన్న ఆ రెండు కీబోర్డులను నేను ఒక్కోటి వంద రూపాయలకు తీసుకున్నాను. ఇంటికొచ్చి కీ పీకితే నీలం స్విచ్, పక్కన చెర్రీ పేరు. ఒకటి శుభ్రం చేస్తే చాలు, పనిచేసింది. రెండోదాంట్లో మూడు స్విచ్‌లు చచ్చిపోయాయి. సెల్‌ఫోన్ల షాపు కుర్రాడి చేత మార్పించాను. ఆ రెండోదాన్ని తీసుకెళ్లి, అమ్మేసిన డీటీపీ యజమానికే ఇచ్చాను. ఆయన వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, అనులో తన పేరు కొట్టారు. "ఇరవై ఏళ్లు దీని మీదే కొట్టాను, దీనికి ఇంత కథ ఉందా?" అన్నారు.

చాచా ఇప్పుడు కీబోర్డులు కాటా మీద పెట్టే ముందు ఒక కీ నొక్కి చూస్తున్నారు. చప్పుడు చేస్తే పక్కన పెట్టి నాకు ఫోన్ చేస్తారు. మీ ఊళ్లో అలా పక్కన పెట్టేవాళ్లు ఉండకపోవచ్చు. అందుకని ఆ పని మీరే చేయండి, కాటా దాకా వెళ్లక ముందే.